మేం చిమ్మితే శుభ్రం, పిట్ట చిమ్మితే పెంటా?

“అమ్మాయ్! మీ పిట్టలు మళ్ళీ దిగినయ్. వాకిలంతా ఆకులే!”

పొద్దున్న ఆరున్నరకి పక్కింటి బాబాయి గారు గోడ మీదుగా నాకు చెప్పే సుప్రభాతం ఇది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆ పిట్టలు మా మామిడి పాదులో పని మీద ఉంటాయి. ఏడో ఎనిమిదో. బూడిదలో పొర్లి వచ్చినట్టుండే ఒళ్ళు, పాలిపోయిన కళ్ళు, పసుపుపచ్చ ముక్కు. ముందురోజు నేను నడుం వంచి పరిచిన ఎండుటాకుల్ని ఒక్కొక్కటే ముక్కున కరచుకుని, చీరల కొట్లో నచ్చని చీరని మనం పక్కకి నెట్టినట్టు, అలా పక్కకి విసిరేస్తుంటాయి. మధ్యమధ్య ఒకదాని మీద ఒకటి కేకలు. అంతలోనే ఒకదాని తల ఇంకొకటి నిమరడం.

ఈ పిట్టల్ని హిందీ వాళ్ళు ‘సాత్ భాయి’ అన్నారు. అంటే ఏడుగురు అన్నదమ్ములు. అదే పిట్టల్ని చూసి ఇంగ్లీషు దొరలు ‘సెవెన్ సిస్టర్స్’ అన్నారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు. ఈ సంగతి నేను చెబితే బాబాయి గారు, “ఆ గోల వింటే ఇంగ్లీషు వాళ్ళదే కరెక్టు” అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి లోపలికి వచ్చాక వొళ్ళు మండింది. గోల సంగతి సరే. తెల్లారకముందే లేచి ఆకు తర్వాత ఆకు తిరగేసి అందరికీ తిండి వెతకడం చూసి ఆయనకి అక్కచెల్లెళ్ళు గుర్తుకు రాలేదు కదా!

ఆ ఎండుటాకులు నేను ఊరికే పోయలేదు. మాది నల్లరేగడి. ఆ నేల సంగతి గుంటూరు, ప్రకాశం వాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. వానల్లో కాలి చెప్పు లాక్కుంటుంది, ఎండల్లో చెయ్యి దూరేంత బీటలిస్తుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసిన రోజున పొద్దున పోసిన బిందెడు నీళ్ళూ మధ్యాహ్నానికి ఏమయ్యాయో దేవుడికి తెలియాలి. మొక్క మొదట్లో నాలుగు వేళ్ళ మందాన ఆకో, గడ్డో, వేరుశనగ తొక్కలో కప్పితే ఎండ నేలకి తగలదు. తడి నిలుస్తుంది. కలుపు తగ్గుతుంది. కొన్నాళ్ళకి ఆ ఆకే చివికి ఎరువవుతుంది. మా నాయనమ్మ దీనికి పేరు కూడా పెట్టలేదు. “పాదులో చెత్త వెయ్యండే” అనేది, అంతే. ఇప్పుడు దీనికి ‘ఆచ్ఛాదన’ అని నోరు తిరగని పేరొచ్చింది. ఆ పాఠాలు రైతులకి చెప్పే రైతు సాధికార సంస్థ మా గుంటూరులోనే ఉంది. మన రాష్ట్రపు ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ దేశం నుంచి గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. నాయనమ్మ ఉంటే “చెత్త వేస్తే బహుమతా!” అని బుగ్గలు నొక్కుకునేది.

ఇప్పుడు పేటపేటకీ మిద్దెతోటలూ పెరటితోటలూ వచ్చాయి, సంతోషం. నలుగురు ఆడవాళ్ళం కలిస్తే ఇదివరకు కోడళ్ళ సంగతులు చెప్పుకునేవాళ్ళం, ఇప్పుడు వానపాముల సంగతులు చెప్పుకుంటున్నాం. అక్కడా ఇదే ప్రశ్న: “ఈ పిట్టలు కప్పినదంతా చిమ్మేస్తున్నాయి వదినగారూ, ఎలా ఆపడం?” ఒకరు నైలాను వల అంటారు. ఒకరు తళతళలాడే రిబ్బను అంటారు. ఒకరు పాత సీడీలు వేలాడదీయమంటారు. మా బాబాయి గారైతే మిరప చేలల్లో పరిచే ప్లాస్టిక్ షీటు తెచ్చుకోమన్నారు. పైన వెండి రంగు, కింద నలుపు. “దాని మీద పిట్ట ముక్కు దిగదమ్మాయ్.” నిజమే, దిగదు. పిట్ట ముక్కూ దిగదు, ఆకు చివికి మట్టిలోకీ దిగదు. ఎకరాలకి ఎకరాలు మిరప వేసినవాళ్ళ లెక్క వేరు. కలుపు కూలీ, నీళ్ళు, అన్నీ చూసుకోవాలి. వాళ్ళని నేనేమీ అనను. కానీ పెరట్లో ఉన్న ఒక్క మామిడిచెట్టుకి రెయిన్‌కోటు తొడగడం ఏమిటండీ?

అసలు పిట్ట ఎందుకు చిమ్ముతుంది? మన మీద కసితో కాదు. ఆకు కింద తడి ఉంటుంది. తడి ఉన్నచోట పురుగు చేరుతుంది. చెదలు, రోకలిబండలు, జెర్రి పిల్లలు, మిడతలు, గుడ్లు, గూళ్ళు, అదొక పెద్ద సంత. పిట్టకి ఆ సంత సంగతి మనకన్నా ముందు తెలుస్తుంది. ప్లాస్టిక్ షీటు దగ్గరికి పిట్ట రాదు. సిమెంటు వాకిట్లో ఆకు తిరగెయ్యదు. మీ పాదులో పిట్టలు దిగి చిమ్ముతున్నాయంటే మీరు పరిచిన ఆకులు పని చేస్తున్నాయన్నమాట. పెళ్ళివారు విందు తినడానికి వచ్చారని తలుపులు వేసుకుంటామా?

మన ‘చిమ్మడం’ అన్న మాటనే చూడండి. నేను తెల్లారి చీపురు పట్టుకుని వాకిలి చిమ్మితే శుభ్రం చేసినట్టు. పిట్ట ముక్కుతో ఆకు చిమ్మితే పాడు చేసినట్టు. మాట ఒకటే, పని కూడా ఇంచుమించు ఒకటే. ఇక్కడున్నది అక్కడికి తొయ్యడం. మరి ఈ ‘పాడు’ ఎవరి కంట్లో పడుతోంది? ఆకులు వాకిట్లో పడ్డాయని కేకలేసేవాళ్ళలో చీపురు పట్టేవాళ్ళు ఎంతమందో ఒకసారి లెక్క తియ్యండి. బాబాయి గారి వాకిలి ఊడ్చేది పిన్ని గారు. పిన్ని గారికి నడుం పట్టేసిన రోజున పనమ్మాయి. ఆయన చేతికి చీపురు అందిన రోజు ఈ ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు. పిట్టల మీద ఫిర్యాదు మాత్రం ఆయనదే.

ఇంకో సంగతి. ఇల్లు అద్దంలా ఉంటే చూసి వెళ్ళినవాళ్ళు “ఆవిడ భలే నీటు” అంటారు. “ఆయన భలే నీటు” అన్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. గుమ్మంలో నాలుగు ఎండుటాకులు కనబడితే చెడ్డపేరు కూడా ఆవిడకే. పెళ్ళయిన కొత్తలో మా అత్తయ్య గారు వాకిట్లో పడిన ఒక్క వేపాకుని చూపుడువేలితో చూపించేవారు. మాట అనేవారు కాదు, వేలు చూపించేవారు. ఆ వేలు నా కళ్ళల్లో ఎంతగా నాటుకుపోయిందంటే, పిట్ట ఆకు విసిరినప్పుడల్లా ఆవిడ వేలే కనబడేది. చెప్పు తీసుకుని విసిరేదాన్ని. నిజం చెప్పొద్దూ, మూడు నాలుగేళ్ళు ఆ పిట్టల్ని నేనూ తిట్టాను, రాళ్ళేశాను. పిట్టల మీద మన కోపంలో సగం పిట్టల మీద కాదు.

ఒకరోజు కోపం చల్లారాక గడియారం పెట్టి చూశాను. ఏడు పిట్టలు అరగంట సేపు చిమ్మిన ఆకుని తిరిగి పాదులోకి నెట్టడానికి నాకు పట్టిన టైము ఆరు నిమిషాలు. మూరెడు, రెండు మూరల దూరానికి మించి అవి ఏదీ విసరలేదు. ఈ ఆరు నిమిషాల కోసమా వలలూ రిబ్బన్లూ?

బాబాయి గారు ఊరుకున్నారా? పోయిన వేసవిలో గుంటూరు వాళ్ళకి మాత్రమే తట్టగల ఆలోచన ఒకటి చేశారు. యార్డు నుంచి తాలుకాయలు తెప్పించి, దంచి, ఆ గుండ తమ పాదుల్లోనూ, నేను వద్దంటున్నా మా గోడ వార నా బంతిమొక్కల్లోనూ చల్లారు. “మన మిరపకాయకి దేశదేశాలు ముక్కు చీదుతున్నాయి, ఈ పిట్టలెంత?” అన్నారు. మర్నాడు పొద్దున పిట్టలు వచ్చాయి. ఆ గుండలోనే నిలబడి, హాయిగా, ఎప్పటిలాగే చిమ్మాయి. మిరపగుండంతా గాలిలోకి లేచింది. నేనూ, పిన్ని గారూ, పనమ్మాయీ మధ్యాహ్నం దాకా తుమ్ముతూనే ఉన్నాం. పిట్టలకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఎందుకంటే పిట్టకి మిరప ఘాటు తెలియదు! మనకి మంట పుట్టించే ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే ఆయనకి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే గ్రాహకం పక్షుల్లో ఉన్నా మిరప ఘాటుకి అది స్పందించదని 2002లో ఆయనా, ఆయనతో పనిచేసినాయనా తేల్చారు. మనం, ఎలకలూ నమిలితే గింజ నలిగిపోతుంది. పిట్ట మింగితే గింజ చెడకుండా దూరాన పడి మొలుస్తుంది. మిరప మొక్క తన ఘాటుని మనలాంటి వాళ్ళ మీద పెట్టుకుంది గానీ, పిట్టల మీద కాదు. ఇంత మిరప పండించే ఊళ్ళో పుట్టి మనకీ సంగతి తెలియలేదు, మిరప చేలో వాలే రామచిలకకి తెలుసు.

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతి.

మా వీధిలోనే ఇంకో ఇల్లుంది. ఎవరిదో చెప్పను. వాళ్ళు కొత్తగా టొమాటో నారు పెట్టుకున్నారు, పిట్టలు గడ్డి చిమ్మడంలో రెండు మొక్కలు వాలిపోయాయి. చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు గరాజులో ఉంది. నూకల్లో కలిపి చల్లారు. ఆ మధ్యాహ్నం మా మునగచెట్టు కింద మూడు పిట్టలూ, ఒక ఉడుతా పడి ఉన్నాయి. మిగతా నాలుగు పిట్టలు కొమ్మ మీంచి కదల్లేదు. పొద్దు వాలేదాకా అరుస్తూనే ఉన్నాయి. ఈ పిట్టల సంసారం ఉమ్మడి సంసారం లెండి. గూట్లో పిల్లల్ని తల్లీ తండ్రీ మాత్రమే సాకవు, గుంపులో మిగతా పిట్టలూ పురుగులు తెచ్చి నోట్లో పెడతాయి. కవులు వాన చినుకు కోసం నోరు తెరిపించారే ఆ చాతక పక్షి, అది తన గుడ్డుని ఈ పిట్టల గూట్లోనే పెట్టి పోతుంది. దాని పిల్లని కూడా ఇవే పెంచుతాయి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఆ మూడింటినీ, ఉడుతనీ లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాను. వెళ్ళి అడిగితే ఆ ఇంటావిడ, “పిట్టలే కదండీ” అంది.

‘పిట్టలే కదా’ అన్న మాటని మా జిల్లాలు ఇదివరకే ఒకసారి అనుకున్నాయి. అప్పుడు ‘పురుగులే కదా’ అన్నారు, అంతే తేడా. 1987లో నేను రెండో క్లాసు. పర్చూరు వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎటు చూసినా పత్తి. తెల్లదోమ పడింది. ఆకు మీద బంక, ఆ బంక మీద మసి. తెల్లటి పత్తి పండాల్సిన చేలు నల్లగా మాడినట్టుండేవి. సింథటిక్ పైరిత్రాయిడ్లని కొత్త రకం మందులు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. కాయతొలిచే పురుగుని చంపుతాయని పదేపదే కొట్టారు. అవి తెల్లదోమని తినే పురుగుల్ని కూడా చంపేశాయి. ఇక తెల్లదోమకి అడ్డెవరు? దోమ పెరిగిందని ఇంకా కొట్టారు, కొట్టిన కొద్దీ ఇంకా పెరిగింది. ఆ 1987-88లో ఆ మందుల అప్పులు తీర్చలేక ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా అమ్మమ్మ వీధిలో ఒక ఇంటి అరుగు మీద ఆడుకోవద్దని మా పిల్లలందరికీ చెప్పారు. ఎందుకో చెప్పలేదు. చాలా ఏళ్ళకి తెలిసింది.

తర్వాత ఆ రైతులకే వ్యవసాయాధికారులు ఏం చెప్పారో తెలుసా? ఎకరానికి పది చోట్ల కర్రలు పాతండి, వాటి మీద పిట్టలు వాలి పచ్చపురుగుల్ని ఏరుకు తింటాయి అని. వాటికి ‘పక్షి స్థావరాలు’ అని పేరు. చేలో కర్ర పాతి, రావమ్మా రావమ్మా అని పిట్టని పిలవడం. పెరట్లో వచ్చి వాలిన పిట్టకి నూకల్లో విషం పెట్టడం! చైనా వాళ్ళు 1958లో పిచ్చుకలు గింజలు తింటున్నాయని ఊరూరా పళ్ళాలు వాయించి, వాటిని వాలనివ్వకుండా తరిమి చంపారు. పురుగు విజృంభించాక 1960లో పిచ్చుకని ఆ జాబితాలోంచి తీసేసి నల్లిని చేర్చారు. మనకి అంత దూరం పోవాల్సిన పనే లేదు, పర్చూరు చాలు.

పోనీ పిట్టల మీద జాలి లేదనుకోండి. ఆ డబ్బా ఇంట్లో ఉంది కదా? 2013లో బీహారులో ఒక బడి మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు పోయారు. నూకలు చల్లిన ఆ వాకిట్లోనే వాళ్ళ మనవరాలు పాకుతూ ఉంటుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అడవి పక్షుల్ని చంపడం 1972 చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పాను గానీ, ఆవిడ మొహం మారింది చట్టం మాటకి కాదు, మనవరాలి మాటకి. ఆ డబ్బా ఇంట్లోంచి వెళ్ళింది. ఆ నూకలు పడిన మట్టి కూడా చేటెడు చేటెడు ఎత్తించాం.

అయితే పిట్టల్ని అసలు ఆపొద్దంటావా అని మీరు అడుగుతారు. నారు ఉన్నప్పుడు ఆపాల్సిందే. వేలెడంత వంగ మొక్క మీద ఆకుల కుప్ప పడితే అది లేవదు, మొదలు కెళ్ళగిస్తే వేరు తేలుతుంది. అందుకని నారు పెట్టిన పదిహేను, ఇరవై రోజులు మొక్క చుట్టూ జానెడు జాగా వదిలేసి కప్పుతాను. ఆ పైన కందికంప అడ్డంగా, నిలువుగా పరుస్తాను. ముక్కు పెట్టడానికి సందు ఉండదు, గాలీ నీళ్ళూ మాత్రం పోతాయి. పత్తికట్టె ఎండాకాలమంతా ఊళ్ళో దొరుకుతుంది గానీ వద్దు. దానికి విప్పని కాయలు వేలాడుతుంటాయి, వాటిలో గులాబీ పురుగు దాక్కుని మళ్ళీ పంటకి లేస్తుంది. చేల వాళ్ళ కొంప ముంచినవాళ్ళమవుతాం. కుండీలకైతే కోళ్ళ జాలీ గుండ్రంగా కోసి పెడితే సరి. సన్న నైలాను వల మాత్రం వెయ్యకండి. మా చెల్లెలి ఇంట్లో ఒక తొండ, ఒక పిగిలిపిట్ట అందులో చుట్టుకుని ఎండకి చచ్చాయి. సీడీలూ రిబ్బన్లూ నాలుగు రోజుల ముచ్చట. అయిదో రోజున పిట్ట వాటి పక్కనే కూర్చుని ముక్కు తుడుచుకుంటుంది.

పెద్ద చెట్లకి ఇదేం అక్కర్లేదు. పాదు బెత్తెడు లోతు చేసి, ఆకు అంచుకి రెండు వేళ్ళు కిందికే ఉండేట్టు నింపి, తడపాలి. పొడి ఆకు ఎగురుతుంది, సగం చివికిన తడి ఆకు బరువు మీద ఉంటుంది. ఇంకొకటి, దొడ్డిమూల నీడన ఒక ఆకుల కుప్ప పిట్టల పేరు మీదే వదిలేశాను. రోజూ ఒక చెంబెడు నీళ్ళు పోస్తాను. ముందు అక్కడ దిగుతాయి. అక్కడ కడుపు నిండాకే మామిడి పాదు గుర్తుకొస్తుంది వాటికి.

మా అత్తయ్య గారిది వేరే అభ్యంతరం. “ఆకులుంటే పురుగూ పుట్రా చేరుతుంది.” ఆవిడ భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. అందుకే గుమ్మం దగ్గర, తులసికోట దగ్గర ఆకు వెయ్యను. ఆకుల్లో వట్టి చెయ్యి పెట్టను, చిన్నదాన్ని చెప్పుల్లేకుండా పోనివ్వను. కానీ పోయిన కార్తీకంలో ఒక పొద్దున ఆ పిట్టలు పాదు చుట్టూ గుండ్రంగా చేరి ఒకటే రొద. ఎప్పటి గోల కాదది, గొంతే వేరు. కర్ర పట్టుకుని దూరం నుంచి చూస్తే బారెడు పాము, చల్లగా జారుకుంటోంది. అది ఏ పామో మేం ఆగి చూడలేదు. అత్తయ్య గారు ఆ రోజు నుంచీ పిట్టల సంగతి ఎత్తలేదు. వాటికి మెతుకులు వేస్తున్నట్టు అనుమానం. నాకు తెలియకుండా.

గుంటూరు పక్కనే ఉప్పలపాడు చూశారా? ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలూ, గూడబాతులూ గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. పిట్టల గోల, రెట్టల వాసన, ఊరంతా తెలుస్తుంది. అయినా ఆ ఊరివాళ్ళు వాటిని తోలలేదు, కాపాడుకుంటూ వచ్చారు. వేల కొంగల్ని భరించింది ఆ ఊరు. ఏడు పిట్టలు విసిరే పిడికెడు ఆకులకి మా కాలనీ ఓర్చుకోలేదు, సంఘం మీటింగులో ‘పిట్టల బెడద’ అని ఒక అంశం కూడా రాశారు. ఆ మీటింగుకి ఆడవాళ్ళని పిలవలేదు. పిలవకుండానే వెళ్ళాను. ఇక్కడ మీకు చెప్పినదంతా అక్కడ చెప్పాను, ఇంకొంచెం గట్టిగా. ముగ్గురు చప్పట్లు కొట్టారు, ఒకాయన నవలలు రాసేవాళ్ళు ఇలాగే మాట్లాడతారన్నాడు.

నిన్న మధ్యాహ్నం బాబాయి గారు కునుకు తీస్తున్న వేళ పిన్ని గారు గోడ దగ్గరికి వచ్చారు.

“అమ్మాయ్, ఆ కందికంప ఇంకా ఉందా? రెండు మోపులు ఇటు అందివ్వవూ. బంతి నారు పెట్టుకున్నాను.”

“అలాగే పిన్ని గారూ. ఆకులు కూడా కావాలా?”

“ఒక బస్తా ఇవ్వు. మీ బాబాయి గారు లేచేలోపు పాదుల్లో వేసేస్తాను.” గొంతు తగ్గించి, “మా వైపు మూల కూడా ఒక కుప్ప పోస్తాను. అవి ఎప్పుడూ మీ ఇంట్లోనే దిగుతాయేం?” అన్నారు.